గట్టుమీది పూలతోట: నారాయణఖేడ్ ప్రాంతమున ఏ కార్తెలో ఏ పూత?

(వ్రాసినవారు: వ్యవసాయాధికారి, బి.యస్సి. అగ్రికల్చర్)



హైదరాబాదు నగరమునకు పోయినప్పుడు కొత్తగూడలోని బొటానికల్ గార్డెనును మీలో కొందరు చూచియుందురు. కోట్ల విజయభాస్కర రెడ్డి గారి పేరు పెట్టిన ఆ తోట 274 ఎకరములది. ఔషధ మొక్కలు, కలప చెట్లు, పండ్ల చెట్లు, వెదురు, నీటి మొక్కలు, ఇట్లు వేరువేరు భాగములుగా అక్కడ పెంచుచున్నారు. అనేక దేశములలోని ఇట్టి తోటలలో ఒక మంచి వాడుక ఉన్నది. ఈ మాసమున ఏ చెట్టు పూచినది, దానిని ఎక్కడ చూడవచ్చును అను సంగతిని వచ్చినవారికి తెలియునట్లు వ్రాసిపెట్టుదురు.

మన నారాయణఖేడ్, కంగ్టి, మనూరు, కల్హేరు ప్రాంతముల రైతు ఆ వాడుక కొరకు నూరు కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేయనక్కర లేదు. మన గట్లు, వాగు ఒడ్లు, చెలకల అంచులు, ఊరి పొలిమేరలు కలిసి ఒక పెద్ద పూలతోట. అందలి చెట్లకు మన భాషలో పేర్లున్నవి. విలియం రాక్స్‌బరో అను వృక్షశాస్త్రజ్ఞుడు గోదావరి ప్రాంతపు సామర్లకోటలో పనిచేసి, 1793లో కలకత్తా తోటకు అధిపతియైనాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథములో శాస్త్రనామముల ప్రక్కనే తెలుగు పేర్లను చేర్చినాడు. పండితుడు మన పల్లెవాని నోట విని వ్రాసికొన్న చెట్లను మనము మరచుట తగదు.

అయితే ఈ వ్యాసము పూల అందమును గురించినది కాదు. గట్టున పూచు పూవునకు, మన పంట కాపునకు ఉన్న సంబంధమును తెలుపుటకే దీనిని వ్రాయుచున్నాను.

ఒక గుమ్మడి తీగ కథ

కొన్ని ఏండ్ల క్రిందట భాద్రపద మాసములో ఒక ముసలి రైతు నా యొద్దకు వచ్చి, "సారూ, తీగ మస్తుగ పారింది, పువ్వు మస్తుగ పూసింది, గాని ఒక్క పిందె నిలుస్తలేదు. ఏం మందు కొట్టాలె?" అని అడిగినాడు. "పెద్దయ్యా, మందు సంగతి తరువాత. రేపు తెల్లవారి తీగ చూద్దాం" అని చెప్పి, మరునాడు ఉదయము ఆరున్నర గంటలకు వారి చేనికి పోయినాను.

తీగ ఆరోగ్యముగా ఉన్నది. మగపూలు, ఆడపూలు రెండును విచ్చియున్నవి. మేమిద్దరము గట్టున అరగంట కూర్చుంటిమి. ఆ అరగంటలో తీగమీద ఒక్క తేనెటీగయైనను వ్రాలలేదు. చుట్టును చూచినాను. గట్టు పొడవునా గడ్డిమందు కొట్టినందున తంగేడు, తుమ్మి, గునుగు మాడిపోయి ఉన్నవి. గట్టుమీది రెండు వేపచెట్లను ట్రాక్టరు తిరుగుటకు అడ్డమని ముందటి ఏడు కొట్టించినారట. ప్రక్క పత్తి చేనిలో వారమున కొక మారు ప్రొద్దుననే మందు కొట్టుచున్నారు.

నేను ఒక మగపూవును త్రుంచి, రేకులు తీసివేసి, దాని నడుమనున్న పుప్పొడిని ఆరు ఆడపూల నడుమ మెల్లగా రాచినాను. వారము దినముల తరువాత పోయి చూడగా ఆరింటిలో నాలుగు పిందెలు పెరుగుచున్నవి. మిగిలిన తీగమీది పిందెలు ఎప్పటివలె పసుపుబారి రాలినవి. పెద్దయ్య చాలసేపు మాట్లాడక, "అయితే సారూ, నా తీగకు రోగం లేదు, నా గట్టుకున్నది" అన్నాడు. ఆయన మాట నిజము.

పూవు ఏ సాయము కోరును?

పూవులోని పుప్పొడి కీలాగ్రమును చేరినప్పుడే గింజ ఏర్పడును, కాయ నిలుచును. ఈ పనిని మన పంటలు మూడు విధములుగా జరుపుకొనును. ఈ భేదమును తెలిసికొనుట ముఖ్యము.

మొదటిది, తమ పని తామే చేసికొను పంటలు. పెసర, మినుము, శనగ, సోయాచిక్కుడు ఈ తరగతివి. వీని పూవు విచ్చుటకు ముందుగానో, విచ్చుచుండగానో తన పుప్పొడి తనకే అందును. తేనెటీగ రాకున్నను ఇవి కాయ కట్టును.

రెండవది, గాలి సాయమున నడచునవి. మొక్కజొన్న ఇందుకు ఉదాహరణము. జొన్న ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కట్టును. కొంత గాలి మోసికొనిపోవును. ఐనను ఈ రెంటి పుప్పొడిని తేనెటీగలు ఆహారముగా తీసికొనిపోవుచుండును.

మూడవది, పురుగుల సాయము కోరునవి. గుమ్మడి, దోస, కాకర, సొర, బీర, పుచ్చ తీగలలో మగపూవు వేరు, ఆడపూవు వేరు. నడుమ పుప్పొడిని మోయువారు లేనిచో కాయ లేదు. ఆడపూవునకు పుప్పొడి రేణువు ఒకటి రెండు చాలదు, వందలకొలది చేరవలెను. తక్కువైనచో పిందె రాలును, లేదా దోసకాయ వంకర తిరుగును. పొద్దుతిరుగుడు, ఆవాలు, ధనియాలు, విత్తనపు ఉల్లి కూడ తేనెటీగలు తిరిగిన చోట ఎక్కువ గింజ కట్టును.

కంది, పత్తి, కుసుమ ఈ తరగతుల నడుమ నిలుచును. ఇవి తమ పుప్పొడితోనే కాపు కాయగలవు. ఐనను కంది పూవును తేనెటీగలు విడువక దర్శించును. మన జిల్లాలోని పటాన్‌చెరువు వద్ద 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు సంకర కంది విత్తనమును తయారుచేయగలిగినది ఈ తేనెటీగల మూలముననే. మగ వరుసల పుప్పొడిని ఆడ వరుసలకు చేర్చు కూలీలు ఆ పురుగులే.

కాయ కొరకు పూవును మనిషి చేతితో తాకవలసి వచ్చిన దేశములు కూడ ఉన్నవి. చైనాలోని సిచువాన్ రాష్ట్రమున హన్యువాన్ ప్రాంతపు రైతులు పియర్ పండ్ల చెట్లెక్కి, చిన్న కుంచెలతో పూవు పూవునకు పుప్పొడి అద్దుచుందురు. అక్కడ తేనెటీగలు తగ్గుటకు విచ్చలవిడిగా మందులు కొట్టుటయు ఒక కారణము. అంతటి కూలి ఖర్చును మన మెట్ట రైతు భరింపగలడా?

కార్తెల వారీగా మన పూత

కార్తెల లెక్క మనకు తెలిసినదే. ఒక్కొక్క కార్తె 13, 14 దినములుండును. వానను బట్టి, నేలను బట్టి పూత వారము పది దినములు ముందు వెనుక కావచ్చును. ఉగాదితో మొదలుపెట్టుదము.

ఉత్తరాభాద్ర నుండి కృత్తిక వరకు (మార్చి నడుమ నుండి మే 24 వరకు): ఎండలు ముదురుచున్నను చెట్లకు ఇది పెద్ద పండుగ. వేప పూత ఉగాది పచ్చడిలోనికి వచ్చును. నేరేడు, కానుగ చెట్లక్రింద నిలిచినచో తేనెటీగల రొద వినవచ్చును. విప్ప ఉన్న చోట రాత్రివేళ పూచి తెల్లవారుసరికి నేలరాలును. గబ్బిలములు దానికి ముఖ్యమైన చుట్టములు. ఏప్రిల్ చివరనుండి రేల చెట్టు పసుపుపచ్చని గుత్తులు వ్రేలవేయును. తేనెటీగ సంసారము పెరుగు కాలమిది. అప్పుడు చేలు బీడుగా ఉండును గనుక ఈ చెట్లే వానికి అన్నము.

రోహిణి, మృగశిర (మే 25 నుండి జూన్ 21 వరకు): చింత పూత ఈ కాలపు ముఖ్య విశేషము. లేత పసుపు రేకులపై ఎర్రని గీతలు గల ఆ చిన్న పూవును మనము తలయెత్తి చూడము గాని తేనెటీగ చూచును. వేప పండ్లు రాలుటయు ఈ కార్తెలలోనే మొదలగును. వాని పని ముందు చెప్పెదను.

ఆరుద్ర నుండి ఆశ్రేష వరకు (జూన్ 22 నుండి ఆగస్టు 16 వరకు): మన కంటికి నేల పచ్చబడును, తేనెటీగకు కరవు పట్టును. చెట్ల పూత ఆగిపోవును. పంటలు ఇంకను పూతకు రావు. ముసురు పట్టినచో పురుగు బయటకు కదలలేదు. ఆ రోజులలో దిక్కు నల్లతుమ్మ పూత, చింత చివరి పూత, గట్టున నేలబారుగా పూచు గడ్డిచామంతి, ముందుగా వేసిన నువ్వు చేలు. ఈ కార్తెలను బాగుగా గుర్తుంచుకొనుడు.

మఖ నుండి ఉత్తర వరకు (ఆగస్టు 17 నుండి సెప్టెంబరు 26 వరకు): వినాయక చవితినాడు మనము తినెడి తుమ్మికూర మొక్క తెల్లని పూలు పూయును. తుమ్మి పూవు చిన్నది, తేనె మెండు. గునుగు వెన్నులు తీయును. రేగు చెట్టు ఆకుల సందున పచ్చని చిన్న పూలు పూయును. వానకాలపు జొన్న, మొక్కజొన్న పుప్పొడి రాల్చును. గుమ్మడి, దోస, బీర, సొర తీగలు నిండు పూతకు వచ్చును.

హస్త నుండి విశాఖ వరకు (సెప్టెంబరు 27 నుండి నవంబరు 18 వరకు): తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి, గుమ్మడి పూలు కలిసి బతుకమ్మ అగును. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పముగా తంగేడును ఎన్నుకొన్నారు. ఈ పూవులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉండును. పెద్ద నల్ల తుమ్మెద పూవును పట్టుకొని గట్టిగా ఝుమ్మనిన ఆ అదురునకు పుప్పొడి రాలును. ఆ తుమ్మెదయే వంగ, టమాట పూలకును మేలు చేయును. ఈ కార్తెలలోనే కంది చేలు పసుపుబారును.

అనూరాధ నుండి ఉత్తరాషాఢ వరకు (నవంబరు 19 నుండి జనవరి 23 వరకు): కంది చివరి పూత, ఆవాలు, ధనియాలు, ఆ వెనుక కుసుమ. మామిడి పూత మొదలగును. మామిడి పూవుపై తేనెటీగలకంటె ఈగలు ఎక్కువగా తిరుగును. వానిని చీదరించుకొని మందు కొట్టవద్దు. మామిడికి తేనెమంచు పురుగు మందును పూలు విచ్చకముందు, మరల పిందె బఠాణి గింజంత అయిన తరువాత కొట్టవచ్చును గాని నిండు పూతలో కొట్టరాదు.

శ్రవణము నుండి పూర్వాభాద్ర వరకు (జనవరి 24 నుండి మార్చి నడుమ వరకు): ఆకు రాల్చిన బూరుగ ఎర్రని పెద్ద పూలు పూయును. వెంటనే మోదుగ నిప్పువలె పూయును. తండాలలో హోలీకి రంగు తీయునది ఈ పూవు నుండియే. తేనెపిట్టలు, గోరువంకలు మోదుగకు ముఖ్యమైన పుప్పొడి మోతగాండ్రు. ఈ విధముగా ఏడు తిరిగి మరల వేప పూతకు వచ్చును.

ఆషాఢపు పస్తు, భాద్రపదపు నష్టము

ఇప్పుడు లెక్క చూడుడు. తేనెటీగ గ్రుడ్డు పెట్టిన నాటి నుండి కూలి ఈగ పుట్టుటకు సుమారు 3 వారములు పట్టును. పుట్టిన వెంటనే అది పూలకు పోదు. మొదటి రెండు మూడు వారములు పట్టులోనే ఉండి పిల్లలను సాకుట, మైనపు గదులు కట్టుట మున్నగు ఇంటిపని చేయును. తరువాతనే బయటకు వచ్చును. అనగా సెప్టెంబరులో మీ గుమ్మడిపై వ్రాలవలసిన ఈగ, జూలై చివరనో ఆగస్టు మొదటనో గ్రుడ్డుగా ఉండవలెను. ఆ రోజులలో పట్టులోనికి పుప్పొడి, తేనె రానిచో పిల్లల పెంపకము తగ్గిపోవును.

కావున ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెలలో గట్టున పూవు ఉన్నదా లేదా అనునదే, ఉత్తర కార్తెలో తీగకు కాయ నిలుచునా లేదా అనుదానిని చాల వరకు నిర్ణయించును. పుట్టలలో, చెట్టు తొర్రలలో ఉండు మన నాటు తేనెటీగ సుమారు ఒకటి రెండు కిలోమీటర్ల లోపలనే మేత వెదకుకొనును. చిన్న కొమ్మకు అరచేయంత పట్టు పెట్టు చిన్న తేనెటీగ అంతకంటెను దగ్గరలోనే తిరుగును. మన ఊరి గట్లను మాడ్చి పొరుగూరి పూలను నమ్ముకొనుట కుదరదు.

గట్టుకు గడ్డిమందు కొట్టినప్పుడు మనకు కనబడునది కలుపు చచ్చుట మాత్రమే. కరవు కార్తెల మేత కూడ దానితో పోవుచున్నది. ఇట్లని ప్రతి మొక్కను ఉంచుమని నా మాటకు అర్థము కాదు. వయ్యారిభామను పూతకు రాకమునుపే వేరుతో పెరికివేయవలెను. దాని పుప్పొడి మనుష్యులకు దురదలు, ఉబ్బసము తెచ్చును, విత్తనము వేలకొలది రాల్చును. పంట నడుమ గునుగును తీయుడు. గట్టున గునుగును, తుమ్మిని, తంగేడును విడువుడు. గట్టు మరీ పెరిగినదని తోచినచో కొడవలితో కోయవచ్చును. ఒకేసారి కాక, సగము ఇప్పుడు, సగము మూడు వారముల తరువాత కోయుడు.

మీరే పరీక్షించి చూడుడు

చెప్పినదానిని నమ్మవలెనని లేదు. మీ ఇంటి గుమ్మడి తీగమీద మరునాడు విచ్చబోవు ఆడ మొగ్గలను సాయంకాలము నాలుగింటిని గుర్తించుడు. ఆడ మొగ్గ క్రింద చిన్న పిందె ఉండును, మగ మొగ్గకు ఒట్టి కాడ ఉండును. రెండు ఆడ మొగ్గలకు పలుచని గుడ్డ సంచి కట్టి మరునాటి సాయంకాలము వరకు ఉంచుడు. మిగిలిన రెంటిని విడిచిపెట్టుడు. వారము దినములలో ఏవి నిలిచినవో చూడుడు. విడిచిన రెండును నిలిచినచో మీ ఊరి తేనెటీగలు క్షేమము. నాలుగును రాలినచో గట్టును గురించి ఆలోచింపవలెను.

అంతవరకు చేతితో పుప్పొడి అద్దవచ్చును. గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును గనుక ఆ పని ఉదయము 8 గంటల లోపల ముగింపవలెను. బీర, సొర పూలు సాయంకాలము విచ్చును గనుక వానికి పొద్దు గూకు వేళ చేయవలెను. పొద్దుతిరుగుడు వేసినవారు పూత కాలమున ఉదయము పూట దినము విడిచి దినము మెత్తని గుడ్డతో పూలను సుతారముగా రుద్దిన తాలు తగ్గును.

కంది పూతలో తొందర వద్దు

మన ప్రాంతమున తేనెటీగకు పెద్ద గండము కంది పూతలోనే వచ్చుచున్నది. శనగపచ్చ పురుగు, మారుకా మచ్చల పురుగు పూత, పిందె దశలలోనే చేరును. రైతు భయపడుట సహజము. కాని మందు కొట్టుటకు ముందు ఈ విషయములను ఆలోచింపవలెను.

ఒకటి, కంది పూసిన పూలన్నియు కాయ కాదు. ఆరోగ్యమైన చేనిలో కూడ నూటికి 80కి పైగా పూలు రాలును. చెట్టుక్రింద పూలు పరచినట్లున్నవని మందు కొట్టుట డబ్బు పారబోసికొనుటయే. గూడు కట్టిన పూగుత్తులను విప్పి, పురుగు ఉన్నదో లేదో కంటితో చూచిన తరువాతనే నిర్ణయింపుడు.

రెండు, మందు కాని ఉపాయములను ముందు చేయుడు. ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టినచో శనగపచ్చ పురుగు రెక్కల పురుగుల రాకను కనిపెట్టవచ్చును. పక్షులు వ్రాలుటకు పంగల కర్రలు పాతుడు. మన పెద్దలు చేసినట్లు సాళ్ల నడుమ దుప్పటి పట్టి మొక్కలను దులిపినచో పెద్ద పురుగులు రాలును. వానిని ఏరి చంపవచ్చును, కోళ్లకు వేయవచ్చును. పెద్ద పురుగుపై మందు అంతగా పనిచేయదు గనుక ఈ దులుపుటయే మేలు.

మూడు, వేప గింజల కషాయము. మృగశిర, ఆరుద్ర కార్తెలలో రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి దాచుడు. కంది పూతవేళకు పప్పు తీసి దంచి, 5 కిలోల పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రి నానవేయుడు. ఉదయము గుడ్డలో వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపి, మొత్తము 100 లీటర్లు చేయుడు. ఎండకు ఈ కషాయపు బలము తగ్గును గనుక సాయంకాలమే కొట్టవలెను. గ్రుడ్డు, చిన్న పురుగు దశలలో ఇది బాగుగా పనిచేయును. చైత్రములో మీ గట్టు వేపపై వ్రాలిన తేనెటీగ పండు కట్టించినది; ఆ పండే కార్తీకములో మీ కందిని కాచుచున్నది. వేపను కొట్టించినవాడు ఈ రెంటిని కోల్పోవును.

నాలుగు, రసాయనపు మందు తప్పనిసరియైనచో వ్యవసాయాధికారిని అడిగి, చెప్పిన మోతాదులో, పొద్దు వాలి తేనెటీగలు ఇల్లు చేరిన తరువాత కొట్టుడు. రాత్రి గడచుసరికి తడి ఆరును. ప్రొద్దున 8 గంటలకు కొట్టిన మందు ఈగ ఒంటిపై నేరుగా పడును. కొన్ని మందులు మొక్క రసములోనికి పోయి పుప్పొడిలోను, తేనెలోను చేరును. ఇమిడాక్లోప్రిడ్ ఆ జాతిదే. దానిని, దాని వంటి మరి రెండు మందులను ఆరుబయట పంటలపై వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినది. ఇట్టి మందులను పూతలో తాకకుండుట మంచిది. సాయంకాలము కొట్టినంతమాత్రమున వాని అపాయము పూర్తిగా తొలగదు.

ప్రక్క చేనివారికి కూడ ఈ సంగతి చెప్పుడు. నా కథలోని పెద్దయ్య తీగకు కలిగిన నష్టములో సగము ప్రక్క చేని నుండి వచ్చినది. తేనెటీగకు సర్వే నంబర్లు తెలియవు.

గట్టున ఏమి నాటవలెను?

ఒక్కొక్క కార్తెల గుంపునకు ఒక పూవైనను ఉండునట్లు చూచుకొనుటయే ఉపాయము. పెద్ద చెట్లలో వేప, కానుగ, నేరేడు చైత్ర వైశాఖములకు, చింత జ్యేష్ఠ ఆషాఢములకు, రేగు భాద్రపదమునకు సరిపోవును. బావి వద్ద ఒక మునగ ఉన్నచో సంవత్సరములో ఒకటికంటె ఎక్కువ మార్లు పూచును, ఇంటికి కూరయు దొరకును.

నీడ పంటపై పడునను భయమున్నవారు తంగేడును పెంచుడు. అది పొదగా ఉండును, పశువులు అంతగా ముట్టవు, గట్టు మట్టిని పట్టి ఉంచును. తంగేడు గింజ తోలు గట్టిది గనుక వేడి నీటిలో వేసి రాత్రంతా నానిన తరువాత తొలకరిలో విత్తుడు. వేప గింజ ఎక్కువ కాలము మొలకశక్తి నిలుపుకొనదు. పండు ఏరిన కొద్ది దినములలోనే నారుసంచిలో వేయవలెను.

కరవు కార్తెల కొరకు తొలకరి వానకే చేని అంచున రెండు మూడు సాళ్ల నువ్వు, కొన్ని పొద్దుతిరుగుడు మొక్కలు వేయుడు. పత్తి, కంది చేల చుట్టు బంతి వేసినచో శనగపచ్చ పురుగు దానిపై గ్రుడ్లు పెట్టును, మనకు కనిపెట్టుట సులభమగును, బతుకమ్మకు పూలును దొరకును. బతుకమ్మకు తంగేడు కోయువారు మొక్కను మొదలంట నరుకక, కొన్ని కొమ్మలను పూతతో విడువవలెను. విడిచిన పూత గింజయై మరుసటి ఏటి తంగేడగును.

తేనెపట్టు కనబడినచో కాల్చవద్దు. తేనె నిండిన భాగము ఒక ప్రక్కను, పిల్లలున్న భాగము మరొక ప్రక్కను ఉండును. తెలిసినవారిచేత తేనె భాగమును మాత్రమే కోయించి మిగిలినదానిని విడిచినచో ఆ సంసారము నిలుచును.

గ్రామాధికారులకు మనవి

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు ఈ పనిలో చాల సాయము చేయగలరు. 2015లో హరితహారము మొదలైన తరువాత పంచాయతీలలో మొక్కలు పెంచుట అలవాటైనది. ఆ మొక్కలను ఎన్నుకొనునపుడు త్వరగా ఎదుగునా అని మాత్రమే కాక, ఏ నెలలో పూయును అని కూడ అడుగవలెను. ఒక పట్టిక వ్రాసి చూచినచో ఏ కార్తె ఖాళీగా ఉన్నదో తెలియును. ఆ ఖాళీని పూరించు నారు పోయించుడు.

రైతువేదిక పలకమీద కార్తె మారినప్పుడెల్ల మూడు పంక్తులు వ్రాయించుడు: ఈ కార్తెలో ఊరిలో పూచుచున్న చెట్లు, పూతకు వచ్చిన పంటలు, మందు కొట్టరాని వేళ. బడి పిల్లలు పూత చూచి వచ్చి చెప్పగలరు. ఆ పలకను నాలుగేండ్లు దాచి ఉంచినచో మన ఊరి పూత ముందుకు జరిగినదో వెనుకకు జరిగినదో మనకే తెలియును. పెద్ద తోటలలో వ్రాసిపెట్టు పూల ప్రకటన మన పల్లెలో ఈ రూపమున ఉండవచ్చును.

గుర్తుంచుకొనవలసినవి

1. తీగకు పిందె నిలువనిచో మందు వెదకుటకు ముందు ఉదయమున అరగంట కూర్చుండి తేనెటీగలు వచ్చుచున్నవేమో చూడుడు.
2. ఆరుద్ర నుండి ఆశ్రేష వరకు గట్టు పూలను గడ్డిమందుతో మాడ్చవద్దు.
3. కంది పూలు రాలుట సహజము. పురుగును చూచిన తరువాతనే మందు.
4. పూతలో ఏ మందైనను పొద్దు వాలిన తరువాతనే.
5. వేప పండ్లను మృగశిర, ఆరుద్రలలో ఏరి దాచుడు.
6. సంవత్సరమున కొక చెట్టు, తొలకరికి రెండు సాళ్ల నువ్వు గట్టుకు ఇచ్చుడు.

పెద్దయ్య మరుసటి తొలకరికి గట్టున తంగేడు గింజలు చల్లి, అంచున నువ్వు వేసినాడు. ఆ ఏడు భాద్రపదములో నేను ఆ త్రోవన పోవుచుండగా పిలిచి తీగను చూపినాడు. ఆకుల చాటున ఐదారు కాయలు పడియున్నవి. పూలపై ఈగలు తిరుగుచున్నవి. ఆయన నన్ను మందు అడుగలేదు. గట్టున మరొక వేప నాటుటకు నారు ఎక్కడ దొరకునని అడిగినాడు.